కోజుమెల్ రేవులో ఒక్క పగలు: తులుం, పగడపు దిబ్బలు, ఇసుక తీరం, లేక దీవి లోపలి దారి?

పశ్చిమ కరీబియన్ వైపు వెళ్ళే క్రూయిజ్ ఓడలలో చాలావాటికి మెక్సికోలోని కోజుమెల్ దీవి తప్పనిసరి మజిలీ. ఫ్లోరిడా రేవుల నుంచి బయలుదేరినా, టెక్సాస్‌లోని గాల్వెస్టన్ నుంచి బయలుదేరినా ఏడు రోజుల ప్రయాణంలో ఒక పగలు ఇక్కడ గడవడం మామూలు. హ్యూస్టన్, డల్లాస్ ప్రాంతాల తెలుగు కుటుంబాలు కారులోనే వెళ్ళి గాల్వెస్టన్‌లో ఓడ ఎక్కగలవు కనుక, పిల్లల సెలవుల్లోనో, ఇండియా నుంచి తల్లిదండ్రులు వచ్చినప్పుడో ఈ దారి పట్టేవారు తక్కువేమీ కాదు. టిక్కెట్లు కొన్నాక వారందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే. రేవులో దొరికే ఆ కొద్ది గంటల్లో ఎక్కడికి వెళ్ళాలి?

ఓడ కంపెనీ పంపే జాబితాలో పదుల కొద్దీ యాత్రలు ఉంటాయి. వాటిలో చాలావరకు నాలుగైదు మూల రకాలకు చిన్న చిన్న మార్పులే. కాబట్టి ముందు ఏ రకం కావాలో తేల్చుకుంటే మిగిలిన ఎంపిక సులువవుతుంది. ఏ రకం ఎంచుకున్నా ఒక పగటికి ఒకే పెద్ద పని పెట్టుకోవాలని, దీవి దాటి ప్రధాన భూభాగానికి వెళ్ళాలంటే అందుకు గట్టి కారణం ఉండాలని నా అభిప్రాయం. అది ఎందుకో కింద వివరిస్తాను.

ముందు చూసుకోవలసిన లెక్కలు

మొదటిది సమయం. ఓడ ఉదయం 8 గంటలకు ఆగి సాయంత్రం 5కి బయలుదేరుతుందని కాగితం మీద ఉంటే అది తొమ్మిది గంటలు కాదు. ఓడ కట్టాక స్థానిక అధికారుల అనుమతి రావాలి, వేల మంది ప్రయాణికులు ఒకే ద్వారం వైపు కదలాలి, ఆపైన పొడవైన రేవు కట్ట మీద ఎండలో నడవాలి. బయటి వీధికి చేరేసరికి ముప్పావు గంట గడిచిపోవడం అరుదు కాదు. సాయంత్రం, ఓడ కదిలే సమయానికి కనీసం అరగంట ముందు అందరూ లోపల ఉండాలన్న గడువు ఉంటుంది. ఆ గడువుకు మరో గంట ముందే రేవు దగ్గరకు చేరడం వివేకం. ఇవన్నీ తీసివేస్తే చేతిలో మిగిలేది ఆరు గంటల పైచిలుకే. ఏ యాత్రనైనా ఈ ఆరు గంటలతోనే కొలవాలి.

రెండవది గడియారం. ఇది చాలామంది పట్టించుకోని విషయం, కానీ ఓడ తప్పిపోవడానికి ఇదే ముఖ్య కారణం కాగలదు. కోజుమెల్ ఉన్న కింతానా రో రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడవునా ఒకే సమయం పాటిస్తోంది, వేసవిలో గడియారం ముందుకు జరపదు. ఫ్లోరిడా మాత్రం జరుపుతుంది. కాబట్టి వేసవిలో మయామీ సమయాన్నే కొనసాగించే ఓడలో సాయంత్రం 5 అయితే ఊళ్ళో 4 గంటలే అవుతుంది. జేబులోని ఫోను ఒడ్డున దొరికే నెట్‌వర్క్‌ను బట్టి తనంతట తానే స్థానిక సమయానికి మారిపోతుంది. దాన్ని నమ్ముకుని నింపాదిగా వచ్చినవారికి ఖాళీ రేవు కనిపిస్తుంది. చలికాలంలో గాల్వెస్టన్ నుంచి వచ్చే ఓడలకు తేడా ఇందుకు తలకిందులుగా ఉంటుంది కనుక అంత ప్రమాదం లేదు. కొన్ని ఓడలు తమ గడియారాన్నే స్థానిక సమయానికి మార్చుకుంటాయి, కొన్ని మార్చుకోవు. దిగే ముందు ఓడలోని గడియారం చూసి, చేతికి మామూలు వాచీ పెట్టుకుని, రోజంతా దాన్నే అనుసరించడం ఉత్తమం.

మూడవది, వెంట ఎవరున్నారన్నది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలు, మధ్యాహ్నం నిద్ర తప్పితే చిరాకుపడే చిన్నపిల్లలు, ఈత రాని పెద్దలు ఉన్న కుటుంబం ఎంచుకునే యాత్ర వేరు, ఇద్దరే వెళ్ళే జంట ఎంచుకునేది వేరు. మన పెద్దల్లో ఈత రానివారు ఎక్కువ కాబట్టి ఆ సంగతి ముందే ఒప్పుకుని ప్రణాళిక వేయడం మంచిది. పడవ ఎక్కి నడిసముద్రంలోకి వెళ్ళాక భయపడి పడవలోనే కూర్చునేవారికి ఆ యాత్ర ఖర్చు కూడా, కష్టం కూడా.

నాలుగవది గాలి. శీతాకాలంలో ఉత్తర దిక్కు నుంచి వీచే చలిగాలులను అక్కడివారు నోర్తె అంటారు. అవి వీచిన రోజుల్లో రేవు అధికారులు చిన్న పడవలను ఆపేస్తారు, ప్రధాన భూభాగానికి వెళ్ళే ఫెర్రీ సైతం ఆగవచ్చు, ఒక్కోసారి ఓడే కోజుమెల్‌ను వదిలి ముందుకు వెళ్ళిపోతుంది. వసంతం, వేసవి నెలల్లో సర్గాసమ్ అనే గోధుమరంగు సముద్రపు నాచు కుప్పలుగా ఒడ్డుకు కొట్టుకొస్తుంది. అయితే అది దీవి తూర్పు తీరాన్నీ, ప్రధాన భూభాగంలోని తులుం వైపు తీరాన్నీ బాధించినంతగా ఓడలు ఆగే పడమటి తీరాన్ని బాధించదు.

చివరిది భోజనం. శాకాహారులకు కోజుమెల్‌లో తిండి దొరకదని కాదు, కానీ అడిగి తెలుసుకోవాలి. బీన్స్ ముద్దను తరచుగా పంది కొవ్వుతో వండుతారు, దాన్ని మాంతెకా అంటారు. అన్నం కోడి మాంసపు నీళ్ళతో వండి ఉండవచ్చు. మొక్కజొన్న తొర్తియా రొట్టె, దానిలో జున్ను పెట్టి మడిచిన కెసదియా, అవకాడోతో చేసే గ్వాకమోలె, పండ్లు నిశ్చింతగా తినవచ్చు. “సిన్ కార్నె, సిన్ మాంతెకా” అంటే మాంసం, కొవ్వు వద్దని అర్థమవుతుంది. వీధి బండ్ల మీద మామిడి ముక్కలు కోసి, పైన నిమ్మకాయ పిండి, ఎర్రటి కారప్పొడి చల్లి గ్లాసులో వేసి ఇస్తారు. ఓడలోని చప్పిడి భోజనంతో విసిగిన మన పెద్దలకు ఆ గ్లాసు చేతికిస్తే చాలు, ముఖాలు విప్పారుతాయి.

తులుం: సముద్రపు గట్టు మీది మాయా నగరం

జాబితాలో అందరి కళ్ళూ ముందుగా పడేది తులుం మీదే. అది అర్హమైన ఆకర్షణే. పదమూడు నుంచి పదిహేనవ శతాబ్దాల మధ్య వెలిగిన, ఈ ప్రాంతపు ప్రాచీన మాయా జాతివారి పట్టణమైన దీనికి మూడు వైపులా రాతి గోడ, నాలుగో వైపు నిట్టనిలువు గట్టు, దాని కింద నీలి సముద్రం ఉంటాయి. 1518లో హువాన్ దె గ్రిహాల్వా నాయకత్వంలో ఈ తీరం వెంట సాగిన స్పానిష్ నావికులు తమ దేశంలోని సెవిల్ నగరమంత పెద్ద పట్టణాన్ని చూశామని రాసింది దీని గురించేనని చాలామంది చరిత్రకారులు భావిస్తారు. గట్టు అంచున ఉన్న ఎల్ కాస్తియో కట్టడం, కుడ్యచిత్రాల గుడి, తల కిందకీ కాళ్ళు పైకీ ఉన్న దేవుడి శిల్పం గల చిన్న గుడి చూడదగినవి.

చిక్కంతా దారిలోనే ఉంది. తులుం దీవి మీద లేదు. కోజుమెల్ నుంచి ఫెర్రీలో సుమారు ముప్పావు గంట ప్రయాణిస్తే ప్లాయా దెల్ కార్మెన్ వస్తుంది, అక్కడి నుంచి బస్సులో దాదాపు గంట. ఫెర్రీ కోసం వేచి ఉండటం, బస్సు వరకు నడక, గుంపు కూడటం, బస్సు దిగాక శిథిలాల దాకా ఎండలో నడక కూడా కలిపితే రానుపోను ఐదు గంటలకు దగ్గరవుతుంది. శిథిలాల మధ్య గడిపేది గంటన్నర, మహా అయితే రెండు గంటలు. యాత్ర మొత్తం ఏడు గంటలకు పైగా సాగుతుంది. మన చేతిలోని ఆరు గంటల లెక్కతో ఇది పొసగదు కాబట్టి ఓడ రేవులో ఎక్కువసేపు ఆగే రోజుల్లోనే దీన్ని తలపెట్టాలి.

ఫెర్రీ సంగతి మరొకటి. కోజుమెల్‌కూ ప్రధాన భూభాగానికీ మధ్య నీటి ప్రవాహం బలంగా ఉంటుంది. పెద్ద ఓడలో ఏమీ అనిపించనివారికి కూడా ఆ ఫెర్రీలో కడుపు తిప్పవచ్చు. తులుంలో నీడ తక్కువ, కట్టడాలు ఎక్కనివ్వరు, మధ్యాహ్నానికి తాకిడి ఎక్కువ. ఇంత కష్టపడి, గైడు గొడుగు వెనకే నడిచి, ఫోటో దిగి తిరిగి పరుగెత్తడం ఆ చోటుకు న్యాయం చేయదు. తులుం చూడాలన్న కోరిక బలంగా ఉన్నవారు ప్రధాన భూభాగంలోని కాంకూన్‌కు విమానంలో వెళ్ళి రెండు రాత్రులు ఉండేలా వేరే ప్రయాణం పెట్టుకుంటే మేలు. పొద్దున్నే తలుపులు తెరిచే వేళకు వెళ్ళి నింపాదిగా చూడగల భాగ్యం అప్పుడు దక్కుతుంది.

అయినా వెళ్ళి తీరాలనుకునేవారు, మళ్ళీ ఈ దిక్కుకు వచ్చే అవకాశం లేని పెద్దలో, మాయా నాగరికతను చదివి అభిమానించేవారో అయి ఉంటే, ఓడ కంపెనీ యాత్రలోనే వెళ్ళాలి. సొంతంగా ఏర్పాటు చేసుకున్న తులుం ప్రయాణంలో ఒక్క ఫెర్రీ రద్దయినా ఓడ అందదు.

సాన్ హెర్వాసియో: దీవి నడుమ ఇష్‌చెల్ దేవి క్షేత్రం

ఓడ దిగినవారిలో చాలామందికి కోజుమెల్ దీవి మీదే ఒక మాయా క్షేత్రం ఉందని తెలియదు. దీవిలోని ప్రధాన పట్టణమైన సాన్ మిగెల్ నుంచి టాక్సీలో అరగంట లోపే చేరగల సాన్ హెర్వాసియో, చంద్రుడికీ సంతానానికీ ప్రసవానికీ అధిదేవత అయిన ఇష్‌చెల్ ఆరాధనకు పేరుపొందిన చోటు. ప్రధాన భూభాగంలోని స్త్రీలు పడవలెక్కి ఈ దీవికి మొక్కులు తీర్చుకోవడానికి వచ్చేవారు. పదహారవ శతాబ్దపు స్పానిష్ మతాధికారి దియెగో దె లాందా, క్రైస్తవులకు జెరూసలేం, రోమ్ ఎలాగో మాయా ప్రజలకు కోజుమెల్ అలాగని రాశాడు. కాశీయాత్ర అంటే ఏమిటో తెలిసిన మనకు ఆ మాట వెంటనే మనసుకు ఎక్కుతుంది.

ఇక్కడ ఆకాశాన్నంటే కట్టడాలు లేవు. తులుం చిత్రాలు చూసి అదే ఆశతో వెళితే నిరాశ తప్పదు. చెట్ల మధ్య విడివిడిగా చిన్న గుళ్ళు, వేదికలు, రాతి కమాను, ఒకప్పుడు తెల్ల సున్నపు పూతతో ఉండిన సక్బె అనే బాట, రాళ్ళ మీద ఎండకాచుకునే ఇగ్వానా అనే పెద్ద తొండలు కనిపిస్తాయి. ‘లాస్ మనీతాస్’ అనే చిన్న గది దగ్గర ఆగి గోడను దగ్గరగా చూడాలి. ఎర్ర రంగులో చిన్న చిన్న అరచేతి ముద్రలు, చాలావరకు వెలిసిపోయి, కొన్ని ఇప్పటికీ వేళ్ళతో సహా పోల్చుకోగలిగేలా ఉన్నాయి. ఎవరి చేతులో, ఏ మొక్కుతో అద్దారో చెప్పే శాసనం ఏదీ లేదు. నాకు మాత్రం తులుం గట్టు మీది వైభవం కంటే ఈ గోడ ఎక్కువ దగ్గరిదనిపిస్తుంది.

చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి ఇంకో సంగతి. 1519లో ఎర్నాన్ కోర్తెస్ మెక్సికోను జయించడానికి బయలుదేరినప్పుడు ముందుగా ఆగింది ఈ దీవిలోనే. ఇక్కడి గుడిలోని విగ్రహాలను పగలగొట్టించి సిలువ నిలబెట్టాడు. ఏళ్ళ కిందట ఓడ మునిగి మాయా ప్రజల మధ్య చిక్కుకుని వారి భాష నేర్చిన హెరోనిమో దె అగిలార్ అనే స్పానిష్ వ్యక్తి అతనికి దొరికింది కూడా ఇక్కడే. ఆ దుబాసీ సహాయం లేకుంటే తరువాతి కథ ఎలా నడిచేదో ఊహించడం కష్టం.

నడక ఎక్కువగా చదునైన నేల మీదే, దారి పొడవునా చెట్ల నీడ ఉంటుంది. రెండు గంటలు సరిపోతుంది. దోమలు బాగా కుడతాయి కనుక మందు రాసుకోవడం, నిండు చేతుల బట్టలు వేసుకోవడం మరవకూడదు. తలుపులు త్వరగానే మూసేస్తారు కాబట్టి దీన్ని ఉదయం పనిగానే పెట్టుకోవాలి. మధ్యాహ్నం అదే టాక్సీలో దీవి తూర్పు తీరం వెంట వెళ్ళవచ్చు. అక్కడి సముద్రం రాళ్ళ మీద విరుచుకుపడే తీరు చూడటానికి బాగుంటుంది, కానీ లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది కాబట్టి ఈతకు దిగకూడదు. రాళ్ళు అడ్డుగోడలా నిలిచి లోపలి నీటిని శాంతంగా ఉంచే చెన్ రియో వద్ద మాత్రం, ప్రశాంతమైన రోజుల్లో, పిల్లలు నీళ్ళలో ఆడుకోవచ్చు.

పగడపు దిబ్బలు: పడవలోనా, ఒడ్డు నుంచా?

కోజుమెల్‌కు ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చింది శిథిలాలు కాదు, నీటి కింది లోకం. మెక్సికో నుంచి హోండురాస్ వరకు సాగే మెసో అమెరికన్ పగడపు దిబ్బల వరుస ప్రపంచంలో రెండవ అతిపెద్దది, ఈ దీవి దానిలో భాగం. ఇక్కడి దిబ్బలను 1996లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు.

పడవ యాత్రలు సాధారణంగా దక్షిణాన ఉన్న పలాంకర్, కొలంబియా దిబ్బల వద్ద ఆపి, తరువాత ఎల్ సియెలో అనే లోతు తక్కువ ఇసుక మేటకు తీసుకువెళతాయి. పారదర్శకమైన నీటి అడుగున నక్షత్ర చేపలు తెల్లని ఇసుక మీద పరచినట్టు కనిపిస్తాయి. వాటిని ముట్టుకోకూడదు, ఫోటో కోసం నీటి పైకి అసలే తీయకూడదు. పగడాలకు సోకిన రోగం వల్ల 2019లో అధికారులు ఈ మూడు చోట్లనూ కొంతకాలం మూసివేశారంటే ఆ జీవరాశి ఎంత సున్నితమైనదో తెలుస్తుంది. ఉద్యానంలోకి వెళ్ళేటప్పుడు సన్‌స్క్రీన్ రాసుకోవద్దని అంటారు. బదులుగా నిండు చేతుల ఈత చొక్కా వేసుకుంటే చర్మానికీ పగడాలకూ క్షేమం. పడవ యాత్రకు మూడు నుంచి నాలుగు గంటలు పడుతుంది కనుక సమయం లెక్కలో ఇది చక్కగా ఇముడుతుంది.

అయితే పలాంకర్ వద్ద దిగేది నడిసముద్రంలోనే, ప్రవాహం మనల్ని కదిలిస్తూ ఉంటుంది. లైఫ్ జాకెట్ తేలుస్తుంది, కానీ నీటి భయాన్ని పోగొట్టదు. ముఖం నీటిలో పెట్టి గొట్టంతో ఊపిరి తీయడం ఎన్నడూ చేయనివారు మొదటిసారి అక్కడ ప్రయత్నించడం నేను సమర్థించను. వారికి చంకనాబ్ ఉద్యానం సరైనది. రేవులకు దక్షిణంగా టాక్సీ దూరంలోనే ఉంటుంది. మెట్లు దిగి ఒడ్డు నుంచే నీళ్ళలోకి వెళ్ళవచ్చు, కొన్ని అడుగుల దూరంలోనే రంగురంగుల చేపలు కనిపిస్తాయి, బెదురు పుడితే వెంటనే పైకి వచ్చేయవచ్చు. నీళ్ళలోకి దిగనివారికి తోట, నీడ, కుర్చీలు ఉన్నాయి. దిబ్బల వైభవం ఇక్కడ పలాంకర్ అంత ఉండదన్నది నిజమే, కానీ కుటుంబం మొత్తం ఒకేచోట ఉండి ఎవరికి నచ్చినట్టు వారు గడపడం ఇక్కడే కుదురుతుంది.

బీచ్ క్లబ్, ఊరు, లేదా ఓడలోనే

పడమటి తీరం వెంట బీచ్ క్లబ్‌లు వరుసగా ఉన్నాయి. తలకు ఇంతని చెల్లిస్తే కుర్చీ, గొడుగు, కొలను, భోజనం, పానీయాలు అన్నీ కలిసి వచ్చే ఒకరోజు పాస్ దొరుకుతుంది. చిన్నపిల్లల తల్లిదండ్రులకు ఇది హాయి. మందు తాగనివారు, శాకాహారులు మాత్రం పాస్ కొనే ముందు ఆలోచించాలి, ఎందుకంటే ఆ ధరలో ఎక్కువ భాగం మద్యానికీ మాంసాహారానికే పోతుంది. ప్రవేశం మాత్రమే తీసుకుని తిన్నదానికి డబ్బు చెల్లించే పద్ధతి ఉన్న క్లబ్‌లు వారికి లాభం.

ఊళ్ళో తిరగడం తక్కువ ఖర్చు, కానీ ఓడ ఏ రేవు కట్టకు వచ్చిందన్నది ముఖ్యం. పుంతా లంగోస్తా అయితే దిగగానే సాన్ మిగెల్ వీధులే. ఇంటర్నేషనల్ పియర్, ప్వెర్తా మాయా అయితే ఊరు నాలుగైదు కిలోమీటర్ల దూరం. సముద్రం ఒడ్డు వీధిలోని దుకాణాలు ఓడవారి కోసం పెట్టినవి, రెండు వీధులు లోపలికి నడిస్తే స్థానికులు తినే చోట్లు, ప్రశాంతమైన కూడలి కనిపిస్తాయి. పూర్తి పగలు దీనికే కేటాయించడం ఎక్కువ, మరో పనికి జోడించుకోవడం సబబు.

ఓడలోనే ఉండిపోవడం కూడా గౌరవించవలసిన ఎంపికే. అందరూ దిగిపోయాక కొలను ఖాళీగా ఉంటుంది, తిండికి వరుసలు ఉండవు. ఓడలోని దుకాణాలు, కాసినో మాత్రం రేవులో ఉన్నంతసేపు మూసి ఉంటాయి.

| ఎంపిక | పట్టే సమయం | నడక | ఈత | గాలి వీస్తే |
|---|---|---|---|---|
| తులుం | 7 గంటలకు పైగా | ఎక్కువ, ఎండలో | అవసరం లేదు | ఫెర్రీ ఆగవచ్చు |
| సాన్ హెర్వాసియో, తూర్పు తీరం | 4–5 గంటలు | మధ్యస్థం, నీడ ఉంది | అవసరం లేదు | ఇబ్బంది లేదు |
| పలాంకర్, ఎల్ సియెలో పడవ | 3–4 గంటలు | దాదాపు లేదు | నీటి అలవాటు ఉండాలి | రద్దవుతుంది |
| చంకనాబ్ | 3–5 గంటలు | తక్కువ | కొత్తవారికీ వీలు | ఈత ఆగవచ్చు, తోట చూడవచ్చు |
| బీచ్ క్లబ్ | ఇష్టమైనంత | తక్కువ | అవసరం లేదు | కొలను ఉంటుంది |
| సాన్ మిగెల్ ఊరు | 2–3 గంటలు | మధ్యస్థం | అవసరం లేదు | ఇబ్బంది లేదు |

ఓడ కంపెనీ ద్వారానా, సొంతంగానా?

ఓడ కంపెనీ యాత్రకు ధర ఎక్కువ, గుంపు పెద్దది. దానికి ప్రతిఫలంగా దొరికేది భరోసా. ఆ యాత్ర బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, ఆగలేని పరిస్థితి వస్తే తరువాతి రేవుకు చేర్చే బాధ్యత కంపెనీదే. ఓడ కోజుమెల్‌లో ఆగకపోతే డబ్బు తిరిగి వస్తుంది. సొంతంగా వెళ్ళినవారి కోసం ఓడ ఆగదు.

ఈ భరోసా విలువ దూరాన్ని బట్టి పెరుగుతుంది. సముద్రం దాటే తులుంకు దానికి ఎంత చెల్లించినా తక్కువే. చంకనాబ్ కోసమో, బీచ్ క్లబ్ కోసమో అదే ధర చెల్లించడం దండగ, ఎందుకంటే రేవు నుంచి టాక్సీలో కొద్ది నిమిషాల దూరానికి ఆలస్యమయ్యే అవకాశం స్వల్పం. పడవ యాత్ర ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. సొంతంగా మాట్లాడుకుంటే ఎనిమిది, పదిమంది ఉండే చిన్న పడవ దొరుకుతుంది, దిబ్బల వద్ద ఎక్కువసేపు గడపవచ్చు. కానీ ఓడ ఆగకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా, బయలుదేరే సమయం ఏ గడియారం ప్రకారం అన్న రెండు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాకే చెల్లించాలి.

దీవి టాక్సీలకు మీటర్లు ఉండవు, చోటును బట్టి ధర నిర్ణయమై ఉంటుంది, రేవు బయట పట్టిక కనిపిస్తుంది. ఎక్కే ముందే మొత్తం ఎంతో, అది బండికా మనిషికా, డాలర్లలోనా పెసోలలోనా అని తేల్చుకోవాలి. సాన్ హెర్వాసియో దగ్గర తిరుగు టాక్సీ దొరుకుతుందన్న నమ్మకం లేదు కనుక, వేచి ఉండేలా గంటల లెక్కన మాట్లాడుకోవడం మంచిది. మిగిలిన డబ్బు తిరిగి రేవుకు చేరాకే ఇవ్వాలి.

ఎవరికి ఏది

ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులతో వెళ్ళేవారికి నేను సందేహం లేకుండా సాన్ హెర్వాసియోనే సూచిస్తాను. వారికి గుళ్ళు చూడటం ఇష్టం, ఇసుక మీద పడుకోవడం కాదు. ఉదయం క్షేత్రం, తూర్పు తీరం వెంట చిన్న ప్రయాణం, ఊళ్ళో పండ్ల ముక్కలు, రెండు గంటలకల్లా ఓడలో భోజనం అంటే ఎవరూ అలిసిపోరు. మోకాళ్ళు అస్సలు సహకరించనివారు చంకనాబ్ తోటలో కూర్చోవచ్చు, లేదా ఓడలోనే ఉండవచ్చు.

ఐదేళ్ళలోపు పిల్లలుంటే కొలను ఉన్న బీచ్ క్లబ్ మంచిది. పదేళ్ళు దాటి ఈత వచ్చిన పిల్లలుంటే పడవ ఎక్కించండి. నీటి కింద మొదటిసారి చిలకచేపను చూసిన పిల్లవాడికి బడిలో చదివే సముద్రశాస్త్రం ఇక పాఠంలా ఉండదు. జంటలకు, మిత్రబృందాలకు కూడా నా ఓటు పడవకే, అదీ చిన్న పడవకే. ఒంటరిగా వెళ్ళేవారికి ఓడ కంపెనీ పడవ యాత్రలో తోడు దొరుకుతుంది.

మూడు తరాలు కలిసి వెళ్ళే పెద్ద కుటుంబాలు అందరూ ఒకేచోట ఉండాలన్న పట్టుదల విడిచిపెట్టడం మేలు. పిల్లలతో ఒక జంట పడవకు, పెద్దలతో మరొకరు సాన్ హెర్వాసియోకు వెళ్ళి, రాత్రి భోజనం దగ్గర కలుసుకుంటే ఎవరి సంతోషమూ తగ్గదు. ఒడ్డున ఫోన్లు పనిచేస్తాయో లేదో తెలియదు కాబట్టి, మధ్యలో ఎక్కడో కలుద్దామని కాక, నేరుగా ఓడలోనే కలుద్దామని చెప్పుకోవాలి.

వీసా విషయం టిక్కెట్టు కొనే ముందే చూసుకోవాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గల భారతీయ పాస్‌పోర్టుదారులను మెక్సికో విడిగా వీసా అడగదు. కానీ ఓడ వెళ్ళే ప్రతి దేశం నిబంధననూ కంపెనీ ఎక్కేచోటే పరిశీలిస్తుంది, దిగకుండా ఓడలోనే ఉంటామన్నా అది తప్పదు. తిరిగి అమెరికాలో అడుగుపెట్టడం కూడా కొత్త ప్రవేశమే కనుక తల్లిదండ్రుల వీసా ఒక్క ప్రవేశానికా, పలు ప్రవేశాలకా అన్నది చూడాలి. ఉద్యోగ వీసా ముద్ర గడువు తీరి ఆమోద పత్రంతోనే ఉంటున్నవారు న్యాయవాదినీ ఓడ కంపెనీనీ అడిగి, జవాబు చేతికి వచ్చాకే డబ్బు కట్టాలి. రేవులో దిగేటప్పుడు ఓడ కార్డు, ఫోటో గుర్తింపు పత్రం, పాస్‌పోర్టు నకలు వెంట ఉంచుకోవాలి. సొంతంగా దూరం వెళ్ళేవారు అసలు పాస్‌పోర్టునే నీళ్ళు చొరని సంచిలో పెట్టుకోవడం మంచిదని నా సలహా. ఓడ తప్పితే తరువాతి రేవుకు విమానం ఎక్కించేది ఆ పుస్తకమే.